గేర్లు లేని బండి

"గేర్లు లేని బండి నడపడం కూడా ఒక నడపడమేనా?" అన్నారు మావారు.

ఈ మాట నేను వినడం ఇది మొదటిసారి కాదు. ముప్ఫై ఏళ్ళుగా మా ఇంట్లో ఇది నిత్యపారాయణం. కాకపోతే ఇదివరకు నా స్కూటర్ని చూసి అనేవారు. ఈసారి మా అబ్బాయి కొనబోయే కారుని అన్నారు. వాడు షోరూముకి వెళ్ళి రంగు కాగితాలు పట్టుకొచ్చి, "ఇది సి.వి.టి. నాన్నా. ఇందులో అసలు గేర్లే ఉండవట" అన్నాడు. అంతే, ఆయన కాగితం పక్కన పడేసి పేపరు చేతిలోకి తీసుకున్నారు. "ఆడవాళ్ళ బండి" అని ముక్తాయింపు కూడా ఇచ్చారు.

కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటారు కదా! కారు కొనేవాడికీ, వాడి భార్యకీ లేని రోషం నాకెందుకొచ్చిందో తెలీదు. కానీ వచ్చింది. ఎందుకంటే, నేను జీవితంలో నడిపిన బండి అదొక్కటే. పెళ్ళయిన కొత్తలో, 1983లో కాబోలు, మావారు డబ్బు కట్టి ఏళ్ళ తరబడి కాచుకుంటే వచ్చిన గేర్ల స్కూటర్ మీద నాకూ నేర్పబోయారు. ఎడంచేత్తో క్లచ్ నొక్కాలి. నొక్కి పట్టుకుని అదే పిడిని మెలితిప్పాలి. తిప్పి మెల్లిగా వదలాలి. ఈలోగా కుడిచేత్తో ఇంకోటి, కుడికాలితో మరోటి. సత్యనారాయణపురం వీధిలో మూడోరోజున ఓ కూరగాయల బండికి నమస్కారం పెట్టి, వంకాయల మధ్య నేను పడ్డాను. "ఇది నీ వల్ల కాదులే" అన్నారాయన. స్కూలుకి బస్సులోనే వెళ్ళాను, మరో పదమూడేళ్ళు. 1996లో గేర్లు లేని స్కూటర్ కొనుక్కున్నాకే నా కాళ్ళకి చక్రాలొచ్చాయి.

అయినా మనసులో ఓ మూల, నాది సగం డ్రైవింగే అనే అనుకునేదాన్ని. వంట రానివాళ్ళు కుక్కర్లో అన్నం వండినట్టు! ఇన్నాళ్ళకి, అసలీ గేర్లు లేని బండి ఎవరు కనిపెట్టారు, ఎందుకు కనిపెట్టారు, నిజంగానే చేతకానివాళ్ళ కోసమా అని తెలుసుకుందామనిపించింది. పుస్తకాలూ అవీ తిరగేశాను. తెలిసిందంతా నాలో దాచుకోలేక మీతో చెబుతున్నాను.

ముందు అసలు గేరెందుకో చూద్దాం. మీ ఇంట్లో కుట్టుమిషన్ ఉందనుకోండి. కింద కాళ్ళతో తొక్కే చక్రం పెద్దది. పైన మిషన్ పక్కన ఉండే చక్రం చిన్నది. రెంటికీ మధ్య తోలు బెల్టు. కిందిది ఒక్కసారి తిరిగితే పైది నాలుగైదుసార్లు తిరుగుతుంది. పల్చటి జాకెట్టుగుడ్డ అయితే బ్రహ్మాండంగా పరుగెడుతుంది. అదే పరుపు గలీబు మడతలు కుట్టబోతే? సూది మొరాయిస్తుంది. మనం చేత్తో చక్రం తిప్పి సాయం పట్టాలి. అప్పుడు మనకి కావలసింది వేగం కాదు, బలం. కింది చక్రం కాస్త చిన్నదో, పై చక్రం కాస్త పెద్దదో అయితే బాగుండునని అనిపిస్తుంది. వేగం వదులుకుంటే బలం వస్తుంది. బలం వదులుకుంటే వేగం వస్తుంది. రెండూ ఒకేసారి కావాలంటే కుదరదు. సంసారం లాంటిదే!

బండి ఇంజనుదీ అదే కష్టం. కదిలేటప్పుడూ, దుర్గగుడి ఘాట్ రోడ్డెక్కేటప్పుడూ బలం కావాలి. బల్లపరుపు రోడ్డు మీద వేగం కావాలి. అందుకని నాలుగైదు జతల పళ్ళచక్రాలు పెట్టి, ఒక జత నుంచి ఇంకో జతకి మారమన్నారు. ఇవే గేర్లు. మెట్లెక్కినట్టన్నమాట. మొదటి మెట్టు, రెండో మెట్టు. మెట్టుకీ మెట్టుకీ మధ్య కాలు పెట్టడానికి చోటుండదు. సి.వి.టి. అంటే మెట్లు తీసేసి వాలుగా బల్ల పరచడం. ఎక్కడ కావాలంటే అక్కడ ఆగొచ్చు.

అదెలాగంటే, రెండు మూకుళ్ళు తీసుకోండి. వాటి అడుగులు ఒకదానికొకటి ఎదురుగా ఉండేట్టు పట్టుకోండి. రెంటి మధ్యా ఇంగ్లీషు వి అక్షరంలాంటి సందు ఏర్పడుతుంది కదా? ఆ సందులో బెల్టు కూచుంటుంది. మూకుళ్ళు దూరం జరిపితే బెల్టు లోపలికి, నడిమికి దిగిపోతుంది. అప్పుడది చిన్న చక్రం. దగ్గరికి నొక్కితే బెల్టుకి చోటు చాలక అంచుకి ఎక్కుతుంది. అప్పుడదే పెద్ద చక్రం. ఇలాంటి జత ముందొకటి, వెనకొకటి. బెల్టు పొడుగు మారదు గనక, ముందు పైకెక్కితే వెనక కిందికి దిగాల్సిందే. కొంగు ఇటు లాగితే కుచ్చెళ్ళు అటు తగ్గినట్టు. ఎక్కడా పళ్ళూ లేవు, మెట్లూ లేవు.

ఇంత చిన్న ఉపాయం ఎవరికైనా తట్టేదే. తట్టింది కూడా. ఇంగ్లండులో 1908 ప్రాంతంలో జెనిత్ అనే కంపెనీ గ్రాడువా అనే మోటార్ సైకిల్ చేసింది. పెట్రోలు ట్యాంకు మీద కాఫీగింజల మర పిడిలాంటిది ఒకటుండేది. దాన్ని తిప్పితే ఇంజను దగ్గరి కప్పీ విచ్చుకోవడమో ముడుచుకోవడమో జరిగేది. బెల్టు వదులు కాకుండా వెనక చక్రం మొత్తంగా ముందుకీ వెనక్కీ జరిగేది. కొండలెక్కే పందేల్లో మిగతా బండ్లు రొప్పుతూ ఉంటే ఇది చక్కా ఎక్కిపోయేది. దాంతో ఏమైందనుకున్నారు? కొన్ని క్లబ్బులవాళ్ళు తమ పందేల్లో ఈ బండి పాల్గొనరాదని నిషేధించారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు! జెనిత్ వాళ్ళు ఏడుస్తూ కూచోలేదు. ‘నిషేధింపబడినది’ అన్న మాటనే తమ వ్యాపార చిహ్నంగా వేసుకుని ఊరంతా ప్రచారం చేసుకున్నారు. ఆ తర్వాత రడ్జ్ అనే మరో కంపెనీ ఇదే పద్ధతిలో మల్టీ అనే బండి చేసి, 1914లో ఐల్ ఆఫ్ మాన్ దీవిలో జరిగే పెద్ద పందెంలో గెలిచింది. అంటే చూడండి, గేర్లు లేని బండి మొదలు మగవాళ్ళ పందెపు మైదానంలోనే పుట్టి పెరిగింది.

అయితే దీన్ని ఇంటింటి కారులోకి తెచ్చినవాడు మాత్రం హాలండ్ దేశపు హుబ్ వాన్ డోర్న్. ఈయన 1900 జనవరి 1న పుట్టాడు. ఎక్కడనుకున్నారు? అమెరికాలో! కంగారు పడకండి. హాలండ్‌లోనే లింబర్గ్ ప్రాంతంలో అమెరికా అనే పల్లెటూరుంది. కమ్మరి కొడుకు. చదువు కన్నా ఇనుముతోనే చెలిమి ఎక్కువ. ఓసారి ఐండ్‌హోవెన్ ఊళ్ళో బీరు కాచే ఫ్యాక్టరీ యజమాని కారు పాడైతే ఈయన బాగుచేశాడు. ఆ పనితనం చూసి ముచ్చటపడి, ఆ పెద్దమనిషి తన ఫ్యాక్టరీలోనే చోటిచ్చి, పెట్టుబడి కూడా పెట్టాడు. 1928లో అలా మొదలైంది హుబ్ దుకాణం. తమ్ముడు విమ్ వచ్చి చేరాడు. లారీల వెనక తగిలించే ట్రెయిలర్లు చేశారు, తర్వాత లారీలు చేశారు. డాఫ్ అన్న పేరు ఈనాటికీ లారీల మీద ఉంది.

అరవై ఏళ్ళకి దగ్గరపడుతున్న వయసులో ఈయనకి కారు చెయ్యాలన్న కోరిక పుట్టింది. ఆ కారు 1958 ఫిబ్రవరిలో ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో జనం ముందుకొచ్చింది. పేరు డాఫ్ 600. రెండు సిలిండర్ల, 590 సి.సి. ఇంజను. శక్తి 22 గుర్రాలు. అంటే ఇప్పటి మన పెద్ద మోటార్ సైకిళ్ళలో కొన్నిటికన్నా తక్కువే. అయినా నలుగురు కూచోవచ్చు. దాన్లో గేర్లూ లేవు, క్లచ్ పెడలూ లేదు. ఒక చిన్న పుల్ల. ముందుకి తోస్తే ముందుకి, వెనక్కి లాగితే వెనక్కి. దానికి వాళ్ళ భాషలో ‘చురుకైన చిన్న పుల్ల’ అనే అర్థం వచ్చే ముద్దుపేరు పెట్టి అమ్మారు. వెనక చక్రాలకి చెరో రబ్బరు బెల్టు. ఇంజను వేగంగా తిరిగితే లోపలి బరువులు విసురుకి బయటికి జరిగి కప్పీని నొక్కుతాయి, బెల్టు పైకెక్కుతుంది. ఏ ఎండకా గొడుగు తనే పట్టుకుంటుందన్నమాట.

దీన్లో ఒక తమాషా ఉంది. ఆ కారు ముందుకి ఎంత వేగంగా పోగలదో వెనక్కీ అంత వేగంగా పోగలదు! వెనక్కి పోవడానికి వేరే గేరంటూ లేదు గనక. ఆ దేశంలో కుర్రకారు పాత డాఫ్ కార్లు తెచ్చి వెనక్కి నడిపే పందేలు కూడా పెట్టుకున్నారు. తలలు వెనక్కి తిప్పి నడిపిన ఆ వీరులు మర్నాడు మెడ పట్టేసి ఎంత బాధపడ్డారో చరిత్రలో రాయలేదు.

సరే, జనం ఏమన్నారు? కొన్నారు. కొని సుఖపడ్డారు. ముఖ్యంగా అంతవరకు కారు జోలికి పోని ఆడవాళ్ళూ, వయసు మళ్ళినవాళ్ళూ నడపడం మొదలుపెట్టారు. దాంతో వెక్కిరింపులూ మొదలయ్యాయి. చాదస్తపు ఆడవాళ్ళని కుదిపే డబ్బా అనే అర్థంలో ఆ కారుకి ఒక పేరు పెట్టారు. లోపలి రబ్బరు బెల్టుల్ని ఆడవాళ్ళ మేజోళ్ళ పట్టీలతో పోల్చారు. ఇది చదివినప్పుడు నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. ఎక్కడి హాలండ్, ఎక్కడి సత్యనారాయణపురం! దేశాలు వేరైనా మగవాళ్ళ వెక్కిరింత ఒకటే. ఎంత తెలివైన యంత్రమైనా సరే, ఆడదాని చేతికి సుళువుగా లొంగితే దానికి గౌరవం తగ్గిపోతుంది కాబోలు!

ఆ పేరు పోగొట్టుకోవాలని కంపెనీ చెయ్యని ప్రయత్నం లేదు. పందెపు కార్లలో ఆ బెల్టులు పెట్టి పరుగెత్తించారు. 1968లో లండన్ నుంచి సిడ్నీ దాకా మహా పందెం జరిగింది. టర్కీ, ఇరాన్, అఫ్గానిస్తాన్ దాటి, మన ఢిల్లీ మీదుగా బొంబాయి చేరి, అక్కణ్ణుంచి ఓడెక్కి ఆస్ట్రేలియాకి. ఆ పందెంలో డాఫ్ 55 రబ్బరు బెల్టులతోనే అన్ని కొండలూ ఎడారులూ దాటి సిడ్నీ చేరింది. అయినా పెట్టిన పేరు పోలేదు. 1975లో డాఫ్ కార్ల విభాగం చాలావరకు స్వీడన్ దేశపు వోల్వో చేతికి వెళ్ళిపోయింది.

హుబ్ మాత్రం తన పిచ్చి వదల్లేదు. రబ్బరు బెల్టుకి బలం తక్కువ, పెద్ద ఇంజన్ని మొయ్యలేదు. దానికి విరుగుడుగా 1972లో, డెబ్బై రెండేళ్ళ వయసులో, వేరే కంపెనీ పెట్టి ఉక్కు బెల్టు తయారుచెయ్యడానికి పూనుకున్నాడు. ఇది చిత్రమైన బెల్టు. మామూలు బెల్టు లాగుతుంది. ఇది తోస్తుంది! ఎలాగంటారా? చేతినిండా గాజులు వేసుకుని గిన్నెలు తోముతున్నారనుకోండి. మణికట్టు దగ్గరి గాజుని పైకి తోస్తే, చివరి గాజు మోచేతి వైపు జరుగుతుంది కదా? అలాగే కాగితంలా పల్చటి ఉక్కు పట్టీల దొంతరకి, సుమారు నాలుగువందల చిన్న ఉక్కు బిళ్ళలు పక్కపక్కనే గుచ్చారు. ముందు కప్పీ మొదటి బిళ్ళని తోస్తే ఆ తోపు వరసలోంచి వెనక కప్పీకి చేరుతుంది.

ఆ బెల్టు కారులో అమ్మకానికొచ్చింది 1987లో. జపాన్ వాళ్ళ సుబారు జస్టీలో మొదట, అదే ఏడాది యూరపులో ఫియట్, ఫోర్డు కంపెనీల చిన్నకార్లలో. హుబ్ 1979 మే నెలలోనే కన్నుమూశాడు. ఇవాళ ఎన్నో దేశాల రోడ్లమీద తిరిగే సి.వి.టి. కార్ల కడుపులో ఉన్నది చాలావరకు ఆయన ఉక్కుగాజులే. కమ్మరి కొడుకు ఆఖరి పనిని కళ్ళారా చూసుకోలేదు.

ఇంకొక్క ముచ్చట చెప్పాలి. 1993లో ఫార్ములా వన్ పందేల్లో తిరుగులేకుండా ఉన్న విలియమ్స్ జట్టు తమ కారులో ఈ ఉక్కు బెల్టు పెట్టి పరీక్షించింది. నడిపిన కుర్రాడు డేవిడ్ కూల్తార్డ్. పందెంలో అది దిగకముందే, 1994 నుంచి అలాంటివి పనికిరావని నిబంధన పెట్టేశారు. జెనిత్ కథే మళ్ళీ! కొండమీద పందెంలో ఒకసారి, లోకంలో అన్నిటికన్నా వేగమైన పందెంలో ఒకసారి నిషేధానికి గురైన విద్యని పట్టుకుని, ఆడవాళ్ళ బండి అంటారేమిటండీ!

ఇక మన దేశానికి వద్దాం. 1984లో కైనెటిక్ హోండా వచ్చింది. మన స్కూటర్లలో గేర్లు లేకుండా, మీట నొక్కితే చాలు స్టార్టయ్యేట్టు వచ్చిన మొదటి బండి. చీర కుచ్చెళ్ళు ఎగ్గట్టి కిక్కు కొట్టే అవస్థ లేదు. మా వీధిలో బ్యాంకు ఉద్యోగం చేసే ఒకావిడ దానిమీద వెళ్తుంటే మేమంతా గుమ్మాల్లో నిలబడి చూసేవాళ్ళం. ఆవిడ ఏ గుడికో వెళ్తున్నా మాకు మాత్రం విమానంలో పోతున్నట్టే ఉండేది.

నేను కొనుక్కున్నది మరోటి. పేరు అనవసరం. ఓ సాయంత్రం తాడేపల్లి నుంచి వస్తూ ప్రకాశం బ్యారేజీ సగంలో ఉండగా, ఇంజను మోగుతూనే ఉంది, బండి కదలదు. యాక్సిలరేటర్ తిప్పినకొద్దీ అరుస్తుంది తప్ప అంగుళం జరగదు. కృష్ణమ్మని తలుచుకుంటూ తోసుకొచ్చాను. ఆటోనగర్లో మెకానిక్ ఎడంపక్క మూత విప్పితే, లోపల బెల్టు కొబ్బరిపీచులా చీలికలై ఉంది. "ఎన్నాళ్ళయిందమ్మగారూ మార్చి?" అన్నాడు. నేను మావారి వైపు చూశాను. "బెల్టు మార్చడమెందుకు, బాగానే ఉందిగా" అని రెండేళ్ళుగా ఆపిన మహానుభావుడు ఆయనే. ఆయన ఆకాశం వైపు చూశారు.

ఆ కుర్రాడు చాలా ఓపిగ్గా అన్నీ చూపించాడు. ముందు కప్పీలో ఆరు చిన్న రోలర్లు, వక్కల్లా. ఇంజను జోరు పెరిగితే ఇవి బయటికి పరుగెత్తి కప్పీని మూస్తాయి. వెనక కప్పీలో గట్టి స్ప్రింగు. "చూడండమ్మా, గుండ్రంగా ఉండాల్సినవి ఒకపక్క అరిగి చదునైపోయినాయి. ఇట్లయితే జారవు, బండికి జోరు రాదు" అన్నాడు. 1958లో హుబ్ కారులో ఉన్నదీ దాదాపు ఇదేనని ఆవేళ నాకు తెలీదు. వక్కల్లాంటి ఆ రోలర్లు రెండు ఇంటికి తెచ్చుకుని కుట్టుమిషన్ సొరుగులో పెట్టుకున్నాను.

ఇప్పుడు మావారి రెండో ఆక్షేపణ. "పెట్రోలు తాగుతుంది" అని. ఇందులో నిజం ఉందా? ఉంది, లేదు కూడా. పళ్ళచక్రాలు శక్తిని చాలా పొదుపుగా అందిస్తాయి. ఇంజను నూరు రూపాయల పని ఇస్తే, మంచి గేరుపెట్టె సుమారు తొంభై అయిదు రూపాయలు చక్రానికి చేరుస్తుంది. ఉక్కు బెల్టు సుమారు ఎనభై అయిదు నుంచి తొంభై దాకా. రబ్బరు బెల్టు ఇంకా తక్కువ. ఎందుకంటే బెల్టు జారకుండా కప్పీలు గట్టిగా నొక్కాలి. నొక్కడానికి కారులో నూనె పంపు పనిచెయ్యాలి. రబ్బరు వంగుతూ, లేస్తూ వేడెక్కుతుంది. అదంతా మధ్యవర్తి కమీషన్.

కానీ లెక్క అక్కడితో ఆగదు. కూరలు తెచ్చే మనిషి పది రూపాయలు తీసుకున్నా, రైతు బజార్లో చవగ్గా దొరికే వేళ చూసి తెస్తే మనకి లాభమే కదా! పెట్రోలు ఇంజను స్వభావం ఏమిటంటే, తనకి అనువైన వేగంలో, సరైన బరువు మీద తిరిగితే పెట్రోల్లోని శక్తిలో మూడోవంతుకి పైగా పనిగా మారుస్తుంది. అనువు కాని చోట అందులో సగం కూడా ఇవ్వదు. గేర్లబండిలో నాలుగైదు మెట్లే గనక ఇంజన్ని అనువైన చోట నిలపడం అన్నివేళలా కుదరదు. బెల్టు బండి ఆ చోటు వెతికి నిలుపుతుంది. కమీషన్ పోగా మిగిలేది ఒక్కోసారి ఎక్కువే. ఊళ్ళో ఆగుతూ సాగుతూ పోయే కారుకి ఇది లాభం. పెద్దరోడ్డు మీద ఒకే వేగంతో పోయేటప్పుడు గేర్లబండిదే పైచెయ్యి కావచ్చు. మన స్కూటర్లో కంప్యూటరేమీ లేదు, వక్కలూ స్ప్రింగూ మాత్రమే. అవి చేసే బేరం మోటుబేరం. అందుకే మైలేజిలో గేర్ల మోటార్ సైకిలుకి అది తీసికట్టే. ఈ మాట మావారికి నిజాయితీగా ఒప్పుకున్నాను.

ఒప్పుకోనిది ఇంకోటుంది. సి.వి.టి. కారులో ఇంజను ముందు గట్టిగా మోగి, వేగం తర్వాత మెల్లిగా వస్తుంది. గేరు మారిన కుదుపు ఉండదు. ఇది చాలామంది మగమహారాజులకి నచ్చలేదట. దాంతో కొన్ని కంపెనీలు ఏం చేశాయో తెలుసా? లేని గేర్లు ఉన్నట్టు, కంప్యూటర్‌తో మధ్యమధ్య మెట్లు సృష్టించి మారినట్టు నటింపజేశాయి! పొదుపు కోసం వాలుబల్ల వేసి, పౌరుషం కోసం దాని మీద మెట్ల బొమ్మలు గీశారన్నమాట.

మా అబ్బాయి ఆ కారే కొన్నాడు. కోడలు నడుపుతోంది. ఇప్పుడు కరెంటు స్కూటర్లొచ్చాయి. మోటారు నిలబడ్డ చోటునుంచే బలం ఇవ్వగలదు గనక చాలావాటిలో ఈ బెల్టు కప్పీ కూడా అక్కర్లేదు. నా బండీ రేపో మాపో పాతకథ అయిపోతుంది.

ఇదంతా మావారికి ఓ మధ్యాహ్నం పూసగుచ్చినట్టు చెప్పాను. విన్నారు. "ఊఁ" అన్నారు. ఆయన గేర్ల స్కూటర్ అమ్మేసి నాలుగేళ్ళయింది. ఎడం భుజం పట్టేసి క్లచ్ నొక్కలేకపోతున్నారు. బయటికి వెళ్ళాలంటే ఆటో కోసం గుమ్మంలో నిలబడతారు. ఒకప్పుడు నేను బస్సు కోసం నిలబడ్డట్టు. నేను మాత్రం ఎప్పుడూ ఏమీ అనలేదు. అనాలనిపించలేదు కూడా.

నిన్న పొద్దున్న పాలపాకెట్లకి వెళ్దామని చూస్తే మేకుకి నా తాళంచెవి లేదు. వాకిట్లో బండీ లేదు. పావుగంటకి ఆయనే వచ్చారు, పాకెట్లు ముందు కొక్కేనికి తగిలించుకుని, చక్కగా, కుదుపు లేకుండా. తాళం నా చేతికిస్తూ, "ఆ వెనక బెల్టు మార్పించి ఎన్నాళ్ళయింది?" అన్నారు.

"పోయిన నెలే మార్పించాను" అన్నాను. కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళాను.